ప్రొక్లెయిన్‌కు మాట పడిపోతే

వేసవిలో అనంతపురం వైపు ప్రొక్లెయిన్ ఆగిందంటే నష్టాన్ని గంటల్లో లెక్కపెట్టుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో చెరువులు ఎండి నెర్రెలిచ్చి ఉంటాయి. పూడిక తీసేదీ, ఒండ్రు చేలకు తోలేదీ, కుంటలు లోతు చేసేదీ అప్పుడే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అది కూడా రాసిపెట్టినట్టు రాని వాన. ఆ వాన మొదలయ్యేలోపు పని తెమలకపోతే మళ్లీ ఏడాది మాటే. అలాంటప్పుడు చెరువు నడిమధ్యన బండి మొరాయిస్తే గట్టు మీద వరుసగా నిలబడ్డ ట్రాక్టర్లు, టిప్పర్ల బాడుగ కూడా యజమాని నెత్తిన పడుతుంది.

మొరాయింపులో తేడాలున్నాయి. హైడ్రాలిక్ పైపు పగిలితే నూనె చిమ్ముతుంది, కంటికి కనిపిస్తుంది. ట్రాక్ చైను ఊడితే చెప్పేదేముంది. ఈ మధ్య కాలపు జబ్బు వేరు. ఇంజను మామూలుగానే స్టార్టవుతుంది. డయల్ తిప్పితే మాత్రం రేసు ఎక్కదు. బూమ్ నింపాదిగా లేస్తుంది, బకెట్ మట్టిలో దిగి అక్కడే ఉండిపోతుంది. తెర మీద ఎర్రగుర్తు, దాని పక్కన ఒక అంకె. యజమాని ఫోన్ తీస్తాడు.

“అన్నా, బండి స్టార్టు అయితాది గానీ రేసు ఎక్కడం లేదు. ఇంజను కంప్యూటరు పోయిందని చూపిస్తాంది.”

“కంప్యూటరు పోయిందని చూపిస్తాందా, దాని మాట వినపడలేదని చూపిస్తాందా? సరిగ్గా చదివి చెప్పప్పా.”

చెయ్యి తిరిగిన ఎలక్ట్రీషియన్ అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఈ రెండింటికీ మధ్య ఖర్చు తేడా లక్షల్లో ఉంటుంది. వినపడలేదని ఫిర్యాదు చేసింది ఒక కంప్యూటరు పెట్టె. వినపడకపోవడానికి కారణం ఆ పెట్టె కావచ్చు, మాట్లాడాల్సిన పెట్టె కావచ్చు, రెండింటి మధ్య ఉన్న రెండు సన్నటి తీగలు కావచ్చు. పాత బండిలో నేరం సాధారణంగా తీగలదే. కానీ తీగకు నోరు లేదు, తెర మీద దాని పేరు రాదు. అందుకని పేరు వచ్చిన పెట్టెను మార్చేస్తారు. కొత్త పెట్టె పెట్టాక కూడా అదే అంకె కనిపిస్తే అప్పుడు తలపట్టుకుంటారు.

ఈ తికమక యంత్రం చేసినవాళ్ల అజాగ్రత్త వల్ల పుట్టలేదు. పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతిని కనిపెట్టినవాళ్లు ఒక సమస్యను బ్రహ్మాండంగా పరిష్కరించి, మరో సమస్యను మీటరు పట్టుకున్న మనిషికి వదిలేశారు. ఆ వదిలేసిన భాగం పెనుకొండ దగ్గరైనా, తాడిపత్రి రాతిగనుల్లోనైనా ఎవరో ఒకరు ప్రతి వేసవీ పూరించుకోవాల్సి వస్తోంది.

మన వైపు ఎక్స్‌కవేటర్ అని పలికేవాళ్లు తక్కువ. ఏ కంపెనీదైనా ప్రొక్లెయినే, కొన్ని ఊళ్లలో హిటాచీ. ఫ్రాన్సులో జార్జ్ బటాయ్ 1927లో పెట్టిన కర్మాగారం పోక్లెయిన్. సేద్యపు పనిముట్లతో మొదలై తవ్వకం యంత్రాల్లోకి వచ్చింది. 1961లో వచ్చిన దాని టీవై-45 మోడలు నడుము మీద చుట్టూ తిరిగేది, పనంతా నూనె ఒత్తిడితోనే చేసేది. మనదేశంలో ఎల్ అండ్ టీ ఆ కంపెనీ పరిజ్ఞానంతో యంత్రాలు తయారుచేయడంతో ఆ పేరు పల్లెల దాకా దిగింది. ఆ తరం బండిలో కరెంటు పని స్టార్టరుకు, లైట్లకు, హారనుకు. లివరు కదిపితే వాల్వు కదిలేది, కేబులు లాగితే ఇంజను రేసు ఎక్కేది. ఎవరితో ఎవరూ మాట్లాడుకోనక్కర్లేదు.

మాట అవసరం పంపు దగ్గర పుట్టింది. ఇరవై టన్నుల బండిలో హైడ్రాలిక్ పంపులు ఒక్కోసారి ఇంజను ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ బలం అడుగుతాయి. బకెట్ బండకు తగులుకుంటే ఇంజను ముక్కుతుంది, ఆరిపోతుంది కూడా. పాతకాలం ఆపరేటరు ఆ ముక్కుడు విని చేతిలో లివరు సడలించేవాడు. డీజిలు ధర మండిపోయిన 1970ల తరవాత ఆ చెవి పనిని ఎలక్ట్రానిక్స్‌కు అప్పగించడం మొదలైంది. ఇంజను వేగం పడిపోతున్నట్టు సెన్సరు గమనిస్తే పంపు తనంతట తాను నూనె తగ్గించుకుంటుంది. ఈ పనిలో జపాన్ కంపెనీలు ముందున్నాయి. తరవాత పొగ నిబంధనలు వచ్చాయి. ఎంత డీజిలు ఎప్పుడు చిమ్మాలో నిర్ణయించే కామన్ రైల్ పద్ధతి 1997లో ఆల్ఫా రోమియో కారులోకి, ఆ తరవాత బరువు యంత్రాల్లోకి వచ్చింది. మనదేశంలో చక్రాల మీద నడిచే జేసీబీ తరహా బండ్లకు బీఎస్-4 నియమాలు 2021 ఏప్రిల్ నుంచి అమలయ్యాయి. ఇంజనుకొక కంప్యూటరు, పంపులకొకటి, ఆపరేటరు ముందు తెరకొకటి. అన్నీ క్షణక్షణం సంప్రదించుకోవాలి.

ఒక్కో సమాచారానికి ఒక్కో తీగ లాగితే తీగల మోపులు తయారవుతాయి. కార్ల కంపెనీలకు ఈ చిక్కు ముందే ఎదురైంది. జర్మనీలోని బాష్ కంపెనీలో ఊవే కీంకె, జీగ్‌ఫ్రీడ్ డైస్, మార్టిన్ లిట్షెల్ తదితరుల బృందం 1983లో దీని మీద కూర్చుంది. అప్పటికి ఉన్న పద్ధతులన్నీ చూసి, కారుకు ఏదీ పనికిరాదని తేల్చుకుని, కొత్తది రాయడానికి పూనుకుంది. తీగలు మిగల్చడం కోసమే ఇదంతా చేశారని చాలా చోట్ల రాస్తుంటారు. అసలు ఉద్దేశం అది కాదు. కారులో అప్పటిదాకా సాధ్యంకాని పనులు చేయించాలన్నది వాళ్ల ఆలోచన. తీగ ఆదా అయింది కొసరుగానే. మెర్సిడెస్-బెంజ్ ఇంజనీర్లు మొదట్లోనే చేయి కలిపారు, చిప్పు చేయడానికి ఇంటెల్ వచ్చింది. కంట్రోలర్ ఏరియా నెట్‌వర్క్ అన్న పేరు పెట్టింది వోల్ఫ్‌హార్డ్ లారెంజ్ అనే ప్రొఫెసరు. పొట్టిగా క్యాన్.

అదే 1983లో అనంతపురం దగ్గరి గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వం వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా కేంద్రం తెరిచింది. రెండింటికీ ఏ సంబంధమూ లేదు, నాకు మాత్రం ఆ రెండు సంగతులూ పక్కపక్కనే గుర్తుంటాయి. ఒకచోట రైతుబిడ్డలకు ట్రాక్టరు విప్పి బిగించడం నేర్పుతున్నారు. ఇంకోచోట విప్పినా కనిపించని ఒక వస్తువును తయారుచేస్తున్నారు. ఈ రెండూ ఏదో ఒక రోజు ఒకే షెడ్డులో ఎదురుపడక తప్పదని అప్పుడు ఎవరు అనుకుని ఉంటారు?

బాష్ బృందం వేసిన ఎత్తు ఇది. రెండు తీగలు. అన్ని పెట్టెలూ ఆ రెంటికే తగులుకుని ఉంటాయి. పెత్తనం చేసే పెట్టె లేదు, ఎవరైనా మాట్లాడవచ్చు. రచ్చబండ దగ్గర ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే ఇద్దరి మాటా కొట్టుకుపోతుంది. ఆ రోజుల్లో కంప్యూటర్ల ఈథర్‌నెట్‌లో జరిగేదీ అదే, ఇద్దరూ ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. క్యాన్‌లో అలా జరగదు. ప్రతి కబురూ ఒక సంఖ్యతో మొదలవుతుంది. తీగ మీద సున్నాకు ఒకటి కంటే బలం ఎక్కువ. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే, తాను ఒకటి పలికినా తీగ మీద సున్నా వినిపించిన పెట్టె మరొకరెవరో మాట్లాడుతున్నారని గ్రహించి అక్కడికక్కడే ఊరుకుంటుంది. రెండో పెట్టెకు అసలు పోటీ జరిగిందన్న సంగతే తెలియదు. దాని కబురు ఒక్క బిట్టు కూడా చెడకుండా సాగిపోతుంది. చిన్న సంఖ్యది పైచేయి. కాబట్టి అత్యవసరమైన కబుర్లకు చిన్న సంఖ్యలు ఇస్తారు.

ఇంకొక విషయం గమనించాలి. ఆ సంఖ్య కబురు దేని గురించో చెబుతుంది, పంపింది ఎవరో చెప్పదు. ఇంజను వేగం ఇంత అని ఒక కబురు వస్తే కావలసినవాళ్లు తీసుకుంటారు. అనేవాడి పేరుతో పనిలేదు. రూపకల్పనగా ఇది చాలా తెలివైన పని, కొత్త పెట్టె తగిలించినా పాతవాటిని కదపనక్కర్లేదు. తప్పు వెతికేవాడికి మాత్రం ఇదే ముల్లయింది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

అన్నిటికంటే నాకు గొప్పగా తోచేది తప్పులను పట్టే ఏర్పాటు. ఇంజను పక్కన తీగ అంటే చుట్టూ స్పార్కులు, ఆల్టర్నేటరు రొద, వేడి. బిట్లు చెడకుండా ఉండవు. అందుకని ప్రతి కబురు చివరా 15 బిట్ల లెక్క ఒకటి తగిలిస్తారు. విన్నవాళ్లందరూ ఆ లెక్క మళ్లీ వేసి చూసుకుంటారు. వరసగా ఒకే రకం బిట్లు అయిదు వస్తే ఆరోది తప్పనిసరిగా వేరే రకం ఉండాలన్న నియమం ఉంది, అది తప్పినా పట్టేస్తారు. మాట్లాడేవాడు తన మాటను తానే వింటూ ఉంటాడు. ఎవరికి ఏ తప్పు దొరికినా ఊరుకోరు. వెంటనే వరసగా ఆరు సున్నాలు పలికి ఆ కబురును చెడగొట్టేస్తారు. పంపినవాడు మళ్లీ పంపాలి. అంటే ఒక్కరు తప్పుగా విన్నా ఎవరూ ఆ కబురును వాడరు.

ఇక్కడే ఆ ఇంజనీర్లకు ఒక అనుమానం వచ్చి ఉండాలి. చెడిపోయింది వినేవాడి చెవే అయితే? వాడు అందరి మంచి మాటలనూ చెడగొడుతూ కూర్చుంటాడు కదా? దానికి వాళ్లు చూపిన దారి, ప్రతి పెట్టె తనను తాను అనుమానించుకోవడం. లోపల ఒక లెక్క నడుస్తుంది. పంపిన కబురు తప్పయితే ఎనిమిది కలుపుతుంది, సరిగా వెళ్తే ఒకటి తీసేస్తుంది. వినడంలో జరిగే పొరపాట్లకు వేరే లెక్క. 127 దాటితే తప్పు తనదేనేమో అనుకుని, ఇతరుల కబుర్లను చెడగొట్టే హక్కును వదులుకుంటుంది. 255 దాటితే తీగ నుంచి పూర్తిగా తప్పుకుంటుంది. మిగతావాళ్ల పని సాగిపోతుంది. పెట్టె తన లోపాన్ని తానే పసిగట్టి నలుగురి మేలు కోసం మౌనం పాటించడం అన్నది 1980ల యంత్రాల్లో చిన్న ఊహ కాదు.

కానీ ఈ ఏర్పాటంతా కబురును కాపాడుతుంది. తీగను కాపాడదు. తీగ ఎక్కడ నలిగిందో చెప్పగలిగే అంకె అందులో లేదు. తీగ నలిగితే దాన్ని నమ్ముకున్న మంచి పెట్టెల లెక్కలే పెరుగుతాయి, ఏ తప్పూ చేయని పెట్టె తప్పుకుంటుంది. ఇంకో విడ్డూరం కూడా ఉంది. కబురు అందిందని ఒప్పుకోవడానికి తీగ మీద ఎవరో ఒక్కరు తలూపితే చాలు. ఎవరి కోసం పంపామో వాళ్లే తలూపారా అన్నది పంపినవాడికి తెలియదు. తీగ తెగి ఒక పెట్టె ఒంటరిగా మిగిలిపోతే తలూపేవాడు ఉండడు. అప్పుడు దాని లెక్క 128 దగ్గర ఆగిపోతుంది. తప్పుకోదు, ఆ కబురునే మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది. ఎవరూ లేని చోట మాట్లాడటం నేరం కాదని నియమాలు రాసినవాళ్లు మినహాయింపు ఇచ్చారు.

1986 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సభలో క్యాన్‌ను ప్రకటించారు. 1987లో ఇంటెల్ తొలి చిప్పు 82526 వచ్చింది, వెనకే ఫిలిప్స్‌ది. కార్ల కోసం పుట్టినదాన్ని తొందరగా అందిపుచ్చుకున్నవాళ్లలో కార్లవాళ్లు కాని వాళ్లు చాలామందే ఉన్నారు. ఫిన్లాండ్‌లో కోనే కంపెనీ లిఫ్టుల్లో పెట్టింది. ఫిలిప్స్ వైద్య విభాగం ఎక్స్‌రే యంత్రాల్లో పెట్టింది. బట్టల మిల్లుల యంత్రాల్లోకి వెళ్లింది. మెర్సిడెస్ పెద్ద కార్లలోకి 1992లో వచ్చింది. మరుసటి ఏడాది ఐఎస్ఓ 11898గా అంతర్జాతీయ ప్రమాణమైంది.

బరువు బండ్లవాళ్లు దీన్ని తీసుకుంటూ ఒక మార్పు చేశారు. 1990లలో అమెరికాలో లారీలు, బస్సుల కోసం జే1939 అనే నియమావళి రాశారు. కబురు ముందుండే సంఖ్యను 29 బిట్లకు పెంచిన రకాన్ని తీసుకుని, అందులో చివరి ఎనిమిది బిట్లను పంపినవాడి చిరునామాకు కేటాయించారు. బాష్ బృందం అక్కర్లేదనుకున్న పేరు మళ్లీ వచ్చి చేరింది. ఇంజను ఒక కంపెనీది, పంపులు ఒకరివి, తెర ఇంకొకరిది అయ్యే బండిలో ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే రిపేరు చేసేవాడి గతేమిటి? వేగం సెకనుకు రెండున్నర లక్షల బిట్లు. తప్పులకు కూడా అందరికీ ఒకటే అంకెల పద్ధతి. ఏ భాగమో చెప్పే సంఖ్య ఒకటి, ఏం జరిగిందో చెప్పే సంఖ్య ఇంకొకటి. 639 అంటే ప్రధాన సమాచార తీగ, 9 అంటే కబుర్లు రావలసిన వేగంతో రావడం లేదని. చెరువులో ఆగిన బండి తెర మీద 639-9 కనిపిస్తే ఏ పెట్టె చెడిపోయిందనీ అర్థం కాదు. నాకు సమయానికి మాట అందడం లేదని ఒక పెట్టె వాపోతోందని అర్థం. ప్రొక్లెయిన్లలో అన్ని కంపెనీలూ ఈ నియమావళిని తుచ తప్పకుండా పాటించవు. కొందరికి సొంత అంకెలు, సొంత స్కానర్లు, సొంత తాళాలు. పాతబండి కొన్నవాడికి ఆ స్కానరు దొరకడం కష్టమే.

దొరకకపోయినా నష్టం లేదు. మొదటి పరీక్షకు స్కానరు అక్కర్లేదు.

క్యాన్ తీగలు రెంటినీ తాడులా మెలేసి నడుపుతారు. ఈ మెలిక ఆలోచన బాష్‌ది కాదు, వందేళ్లు పాతది. టెలిఫోను తీగల్లో పక్క తీగ రొద దూరకుండా అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లో పేటెంటు తీసుకున్నాడు. మెలేసిన రెండింటి మీదా రొద ఒకేలా పడుతుంది. వినేవాడు చూసేది రెంటి మధ్య తేడానే కాబట్టి రొద కొట్టుకుపోతుంది. ఊరికే ఉన్నప్పుడు రెండు తీగల మీదా రెండున్నర వోల్టులు. సున్నా పలకాలంటే ఒకటి మూడున్నరకు ఎక్కుతుంది, ఇంకొకటి ఒకటిన్నరకు దిగుతుంది. తీగ కొసలు ఊరికే వదిలేస్తే సంకేతం అక్కడ తగిలి ప్రతిధ్వనిలా వెనక్కు వస్తుంది, తరవాతి బిట్టును చెడగొడుతుంది. అలా కాకుండా రెండు కొసల్లోనూ 120 ఓముల రెసిస్టరు ఒక్కోటి కడతారు. కొన్ని బండ్లలో అది కంప్యూటరు లోపలే ఉంటుంది, కొన్నిట్లో వైరింగు చివర చిన్న మూతలా ఉంటుంది. ఆ మూత ఎందుకుందో తెలియక పీకి పారేసిన మహానుభావులూ ఉన్నారు.

తాళం తీసేసి, బ్యాటరీ తప్పించి, ఆ రెండు తీగల మధ్య మీటరు పెడితే రెండు 120లు పక్కపక్కన కలిసి 60 చూపించాలి. డయాగ్నస్టిక్ సాకెట్టు తొమ్మిది పిన్నులదైతే అవి సీ, డీ పిన్నులు. 60 అంటే తీగ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉందని. 120 వస్తే మధ్యలో ఎక్కడో తెగింది, లేదా ఒక కొస రెసిస్టరు పోయింది. 40 వస్తే ఎవరో పాతబండి నుంచి తెచ్చిన పెట్టె తగిలించారు, దానిలో మూడో రెసిస్టరు ఉంది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలూ ఎక్కడో తగులుకున్నాయి. బ్రిటన్ తపాలా శాఖలో పనిచేసిన డొనాల్డ్ మెకాడీ, మూడు నాలుగు సాధనాలు మోయలేక అన్నీ ఒకే పెట్టెలో కుదించి చేసిన ‘ఏవో’ (AVO) మీటరు 1923లో అమ్మకానికి వచ్చింది. మన ఐటీఐల్లో తరాల తరబడి నేర్పింది ఆ మీటరు వాడకమే. నూరేళ్ల నాటి ఆ విద్యతోనే లక్షల రూపాయల కంప్యూటరు నిర్దోషిత్వం తేలిపోతుంది.

తరవాత తాళం వేసి ఒక్కో తీగను బాడీ ఎర్తుతో కొలుస్తారు. తీగ మీద మాటలు నడుస్తున్నప్పుడు ఒకటి రెండున్నరకు కాస్త పైన, ఇంకొకటి కాస్త కింద ఉండాలి. ఒకటి సున్నా అయితే ఎక్కడో బాడీకి తగిలింది. ఇరవై నాలుగుకు దగ్గరగా ఉంటే సప్లయి తీగతో కలిసింది. తప్పు ఏ భాగంలో ఉందో తేల్చడానికి మధ్యలో ఒక కప్లర్ విప్పుతారు. తప్పు ఇటు పక్క మిగిలిందా, అటు పక్కకు పోయిందా చూస్తారు. ఆ సగంలో మళ్లీ సగం. ఇలా వెళ్తే పదిహేను కప్లర్లున్న బండిలో కూడా నాలుగైదు విప్పుళ్లలో తప్పున్న చోటుకు చేరిపోవచ్చు. సూదితో తీగ తొక్క గుచ్చి కొలిచే అలవాటు మానాలి. ఆ బెజ్జంలోంచే వచ్చే ఏడాది తుప్పు మొదలవుతుంది.

ఈ పీఠభూమిలో తీగలు చెడే తీరుకు కొన్ని సొంత కారణాలున్నాయి. కింద ఉన్నది గట్టి గ్రానైటు, నైస్ రాయి. బకెట్ పళ్లు అరిగిపోతూ ఉంటాయి. పళ్లు మార్చడం, బకెట్‌కు ప్లేటు అతకడం, బూమ్ చీలితే అతకడం అన్నీ సైటులోనే, జనరేటరు మీద వెల్డింగుతో. వెల్డింగు ఎర్తు క్లాంపును ట్రాకుకో, చేతికి దొరికిన ఇంకో చోటుకో తగిలిస్తారు. వందల ఆంపియర్ల కరెంటు బకెట్ నుంచి ఆ క్లాంపు దాకా వెళ్లడానికి పిన్నుల మీది గ్రీజు అడ్డొస్తే దారి వెతుక్కుంటుంది. కంప్యూటరు ఎర్తు తీగే ఆ దారి అయిందనుకోండి, ఇక చెప్పేదేమీ లేదు. బ్యాటరీ విప్పడం, కంప్యూటరు కప్లర్లు పీకడం, క్లాంపును అతికే చోటికి జానెడు దూరంలో బిగించడం పది నిమిషాల పని. ఎండలో ఆ పది నిమిషాలు ఎవరికీ ఉండవు.

పాటల పెట్టెది ఇంకో కథ. బండిలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కట్టి ఉంటాయి. పాటల పెట్టె 12 వోల్టులది. ఒక్క బ్యాటరీ నుంచే తీగ లాగేస్తారు. ఆ బ్యాటరీ ఎప్పుడూ ఆకలితోనే ఉంటుంది, రెండోది ఎక్కువ తాగి ఉడికిపోతుంది. స్టార్టరు తిప్పినప్పుడు వోల్టేజి ఒక్కసారిగా కిందికి జారి కంప్యూటర్లు పడిపోయి లేస్తాయి. ఒకటి ముందు లేస్తుంది, ఇంకొకటి వెనక. ముందు లేచింది రెండోదాని మాట వినపడలేదని రాసి పెట్టుకుంటుంది. తీగలన్నీ బాగుంటాయి, 60 ఓములూ వస్తాయి, కోడు మాత్రం ఉంటుంది. అలాంటప్పుడు స్టార్టరు తిరుగుతుండగా ఒక్కో బ్యాటరీనీ విడిగా కొలిస్తే దొంగ దొరుకుతాడు.

ధూళి పడితే ఆపరేటరు బోరు నీళ్ల ప్రెషరు గన్నుతో కడుగుతాడు. ఆ నీళ్లు ఉప్పుతో కప్లర్ల రబ్బరు సందుల్లోకి దూరి, ఆరిపోయి, పిన్నుల మీద తెల్లటి పొడి మిగులుస్తాయి. దుమ్ము పట్టిన ఎర్తు బోల్టు చూడటానికి బిగుతుగానే ఉంటుంది, బరువు పడ్డప్పుడే బయటపడుతుంది. దాన్ని ఓముల్లో కొలిస్తే తెలియదు. పనిలో ఉండగా బ్యాటరీ మైనసుకూ కంప్యూటరు మైనసుకూ మధ్య వోల్టులు కొలవాలి. ఇవన్నీ కాక పాత మరమ్మతులు. పదేళ్లలో నలుగురు యజమానుల చేతులు మారిన బండిలో క్యాన్ తీగ తెగిన చోట మామూలు లైటు వైరు ముక్క వేసి, మెలిక లేకుండా, టేపు చుట్టి ఉంటుంది. బండి నిలబడ్డప్పుడు పనిచేస్తుంది. బూమ్ లేచి, ఆల్టర్నేటరు పూర్తి బరువు మీద తిరిగినప్పుడు ఆ మెలిక లేని జానెడు ముక్కలోంచే రొద దూరుతుంది.

ఈ బండ్లు ఇక్కడికి ఎలా చేరాయన్నది కూడా తీగల కథలో భాగమే. ఓబుళాపురం, బళ్లారి గనుల్లో ఇనుప ఖనిజం జోరు మీద ఉన్న కాలంలో ఆ చుట్టుపక్కల ఎన్ని యంత్రాలు దిగాయో చూసినవాళ్లకు తెలుసు. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారిలో తవ్వకాలు నిలిపేసింది. పని లేని బండ్లు వేరే పని వెతుక్కోవాల్సి వచ్చింది. ఇటు హంద్రీ-నీవా కాలువల పనులు, 2015 నుంచి నీరు-చెట్టు పథకం కింద చెరువుల పూడికతీత, గ్రానైటు క్వారీలు, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి చదును. గనిలో దుమ్ము తిన్న బండి, క్వారీలో అదురు తిన్న బండి, రంగు కొట్టించుకుని చెరువు పనికి వస్తుంది. రంగు కింద వైరింగుది దాని పాత వయసే.

కొనేటప్పుడు మోసపోయేది కూడా ఇక్కడే. తెర మీద ఏ కోడూ లేదని చూపిస్తారు. జే1939లో ఇప్పుడున్న తప్పులకు ఒక జాబితా, గతంలో వచ్చి పోయినవాటికి ఇంకో జాబితా. రెండింటినీ తుడిచేయడానికి ఆదేశాలూ అందులోనే ఉన్నాయి, స్కానరున్నవాడికి అరనిమిషం పని. కాబట్టి ఖాళీగా ఉన్న పాత తప్పుల జాబితా చూసి సంతోషపడకూడదు. వేల గంటలు తవ్విన బండికి గతంలో ఒక్క జబ్బు కూడా చేయలేదంటే ఎవరో ఆ ఉదయమే తుడిచి ఉంటారు. బండిని పొద్దుటి చల్లదనంలో చూసి బేరం ముగించకూడదు. గంటన్నర తవ్వించాలి, నూనె కాగాలి, ఇంజను వేడెక్కాలి, రాయి మీద నడిపించాలి. బూమ్‌ను పూర్తిగా పైకి, పూర్తిగా కిందికి, నడుమును రెండు వైపులా తిప్పించాలి. వంగే చోట నలిగిన తీగ ఒక్క భంగిమలోనే తెగుతుంది, మిగతా అన్నిట్లో కలిసే ఉంటుంది. అప్పుడు మళ్లీ జాబితా తెరిచి చూడాలి. అప్పటికీ ఏమీ లేకపోతే, అమ్మేవాడు ఒప్పుకుంటే, బ్యాటరీ తప్పించి సీ, డీ పిన్నుల మధ్య మీటరు పెట్టి, ఇంకొకరు క్యాబిన్ కింది వైరింగు కట్టను చేత్తో అటూ ఇటూ కదుపుతుండగా ఆ 60ని చూస్తూ కూర్చోవాలి. అంకె ఒక్కసారి 120కి ఎగిరి దిగినా చాలు, బేరం ధర మళ్లీ మొదటి నుంచి మాట్లాడుకోవచ్చు.